తువ్వాలు కింద బేరం

మునీశ్వరిది మదనపల్లె టమోటా మార్కెట్టులో పదునెక్కిన నోరు. పెళ్ళయిన కొత్తలోనే బాక్సుల మధ్య కూర్చుని కాయలేరే పనిలో చేరి, హమాలీలతో, లారీ డ్రైవర్లతో, మండీ గుమాస్తాలతో మాటకు మాట అప్పజెప్తూ బతికిన మనిషి. ఆమె గొంతు లేచిందంటే వేలంపాట పాడేవాడు కూడా ఆగి అటు తిరిగి చూసేవాడు. అలాంటిది ఆ పని మానేసి, పుంగనూరు రోడ్డులో ఊరు దాటాక ఉన్న వృద్ధుల ఆశ్రమంలో నెలజీతానికి ఆయాగా చేరిందని తెలిసి వీధి వీధంతా నవ్వుకుంది. "ముసిలోళ్ళను సూసుకునేదానికి ఓపిక కావల్ల గానీ నోరెందుకు మునీశ్వరీ" అన్నారు. వాళ్ళకేం తెలుసు? నోరున్నవాళ్ళకే ఎప్పుడు దాన్ని ఎటు తిప్పాలో తెలుస్తుంది.

చేరిన కొత్తలో ఆమెకు అప్పగించింది పాపమ్మను. ఆ పాపమ్మంటే ఆశ్రమంలో అందరికీ హడలే. వాల్మీకిపురం మనిషి, పాతోళ్ళ నోట అదే వాయల్పాడు. సాయంకాలమైతే చాలు, సంచి చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, వాయల్పాడు బస్సు ఎక్కాలని పట్టుపట్టేది. 'బస్సు లేదవ్వా, ఇదే నీ ఇల్లు' అన్నవాళ్ళను గోళ్ళతో రక్కేది. మునీశ్వరి వద్దనలేదు, రమ్మనలేదు. తానూ వెళ్ళి పక్కన నిలబడింది.

"వాయల్పాడు బస్సుకా అవ్వా? నేనూ దానికే సూస్తాండాను. యాడ సచ్చినాడో ఆ డ్రైవరు" అని మొదలుపెట్టింది.

పాపమ్మ అందుకుంది. ఇద్దరూ కలిసి లేని బస్సును, లేని డ్రైవరును, వాడి వంశాన్నీ తీరుబడిగా దులిపేశారు. కడుపు చల్లబడ్డాక, "కాళ్ళు గుంజుతాండాయి అవ్వా. లోపల కూసోని కాఫీ తాగుదాం పా, అదొస్తే హారన్ కొడతాడు గదా" అంటే పాపమ్మ సంచి మునీశ్వరి చేతికిచ్చి ముందు నడిచింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఇదే తంతు. తిట్టుకోవడానికి ఇద్దరికీ ఓ తోడు దొరికినట్టయింది.

"ఎదురు మాట సెప్పొద్దు పాపా" అని కొత్తగా చేరిన నర్సు నవనీతకు పాఠం చెప్పేది మునీశ్వరి. "వాళ్ళు యాడికి పోతాంటే ఆడికి మనమూ నాలుగడుగులు పోవల్ల. పొయ్యి, మెల్లిగా మనతట్టు తిప్పుకోవల్ల." నవనీత బైరెడ్డిపల్లె పిల్ల, చదువు పూర్తిచేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది. మునీశ్వరి చెప్పిందల్లా బుద్ధిగా వినేది. వినేవాళ్ళుంటే మునీశ్వరికి ఇంకా హుషారు. తాను దారికి తెచ్చుకోలేని ముసలి ప్రాణి ఈ జిల్లాలో పుట్టలేదని ఆమె గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి రెడ్డెప్ప దగ్గర దెబ్బ తగిలింది.

రెడ్డెప్పది పుంగనూరు పక్కన పల్లె. వయసంతా పశువుల సంతల్లో దళారీగా గడిపినవాడు. ఎద్దును కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ నిలబడి బేరం కుదర్చడం అతని పని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఎంత ప్రయత్నించినా 'బా బా' అన్న శబ్దం తప్ప మరొకటి రాదు. ఉన్నది ఒక్కతే కూతురు హేమావతి. కుప్పం దగ్గర బట్టల కంపెనీలో మెషిన్ మీద కుడుతుంది. మొగుడు లేడు, ఒంటిగది అద్దె ఇల్లు. మొదట్లో తండ్రిని ఆ గదిలోనే పెట్టుకుని, బయట తాళం వేసి షిఫ్టుకు పోయేది. ఒక సాయంత్రం వచ్చేసరికి తలుపు వెనకాలే పడిపోయి ఉన్నాడట, ఎంతసేపటి నుంచో. ఇక చేతకాక ఇక్కడ చేర్పించింది.

వచ్చినప్పటి నుంచీ అతనితో ఒకటే గోల. భుజం మీద ఎర్రగళ్ళ తువ్వాలు ఒకటి ఉంటుంది, దాన్ని ఉతకడానికి కూడా ఇవ్వడు. అన్నం తెచ్చి ముందు పెట్టినా, స్నానానికి బకెట్టు తెచ్చినా, ఎడంచేత్తో ఆ తువ్వాలు లాగి, తెచ్చినావిడ చేతిమీద కప్పి, కింద ఆమె వేళ్ళు పట్టుకుని నొక్కుతాడు. ఒకసారి ఒక వేలు, ఇంకోసారి రెండు. నొక్కుతూ ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంటాడు. చెయ్యి వెనక్కి గుంజుకుంటే ఇక అంతే, గిన్నె ఎగిరి గోడకు తగులుతుంది.

ఒకరోజు నవనీత ఏడుస్తూ వంటింట్లోకి వచ్చింది. "నేను ఆ తాత తావకు పోనక్కా. సెయ్యి పట్టుకుని ఇడిసిపెట్టలేదు" అంది.

మునీశ్వరికి ఒళ్ళు మండిపోయింది. గుంజుకుంటే గిన్నెలు విసురుతాడని ఓర్చుకుంటూ వచ్చిన తన చేతి సంగతి కూడా గుర్తొచ్చింది. నేరుగా రెడ్డెప్ప మంచం దగ్గరికి వెళ్ళి, టమోటా మార్కెట్టు భాషలో అతన్ని కడిగి ఆరేసింది. "కూతురి కన్నా సిన్నదప్పా అది. పట్టుకునేది పట్టుకోని, మూతి గోడతట్టు తిప్పుకుంటావా ఏమీ ఎరగనోని మాదిరి?" అంది. రెడ్డెప్ప 'బా బా' అంటూ చెయ్యి ఆడించాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట సంగటి ముట్టలేదు. ముట్టకపోతే మాననీ అనుకుంది మునీశ్వరి.

అక్కడితో ఊరుకోలేదు కూడా. ఆశ్రమం నడిపే మాధవీలత గదికి నవనీతను వెంటబెట్టుకుని వెళ్ళి, "ఆయప్పన్నా ఉండల్ల, మేమన్నా ఉండల్ల. తేల్చండి మేడమ్" అనేసింది.

మాధవీలత తొందరపడే మనిషి కాదు. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో నర్సుగా చేసి వచ్చింది. ఆడపిల్లలు పనిచేసేచోట ఇలాంటి ఫిర్యాదును నాన్చకూడదని ఆమెకు బాగా తెలుసు. కుప్పానికి ఫోను చేసి, విషయం మర్యాదగానే చెప్పి, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మంది. అవతల హేమావతి ఎందుకనీ అడగలేదు, కాదనీ అనలేదు. "వస్తాను మేడమ్" అని పెట్టేసింది. తీసుకుపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే ఒంటిగది, అదే తాళం, తలుపు వెనకాల మాట రాని మనిషి. మునీశ్వరికీ తెలుసు. తెలిసీ మనసు రాయి చేసుకుంది.

ఈలోగా ఆమె మొగుడు గంగులప్ప ఆవును అమ్మడానికి పుంగనూరు సంతకు బయల్దేరాడు. గంగులప్ప నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేమంటే దానికి తలూపేస్తాడు. అందుకని మునీశ్వరి సెలవు పెట్టి వెంట వెళ్ళింది. అయితే సంతలో బేరం దగ్గరికి ఆడవాళ్ళను రానివ్వరు. కాస్త దూరంలో చింతచెట్టు కింద కూర్చుని బొరుగులు తింటూ చూస్తూ ఉంది.

దళారి ఒకడు వచ్చి ఆవు పళ్ళు చూశాడు, గంగడోలు తడిమాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి గంగులప్ప చేతిమీద కప్పి, తన చెయ్యి దాని కిందికి దూర్చాడు. ముఖం మాత్రం ఆకాశం వైపు తిప్పాడు, వాన వస్తుందా రాదా అని చూస్తున్నట్టు. గంగులప్ప ఆవు తోక వైపు చూస్తున్నాడు. తువ్వాలు కింద ఏదో కదులుతోంది. ఒక మాట లేదు.

మునీశ్వరి నోట్లో బొరుగులు నోట్లోనే ఉండిపోయాయి.

ఇది ఆమెకు తెలియంది కాదు. పశువులున్న ఇంట్లో పుట్టింది, చిన్నప్పుడు నాయన వెంట ఎన్ని సంతలు తిరగలేదు! మగవాళ్ళ తువ్వాళ్ళు ఎన్నిసార్లు చూడలేదు! అయితే అది మగవాళ్ళ గొడవ, ఆడవాళ్ళకు దాంతో పనిలేదు. పైగా సంతలో అందరూ చేసేది కుడిచేత్తో. పడిపోయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో, అదీ అన్నం పెట్టే ఆడమనిషితో ఒక ముసలాయన బేరమాడుతున్నాడని ఎవరికి తడుతుంది? తట్టలేదు. తట్టకపోగా మనిషిని తరిమేసేదాకా తెచ్చింది. అంతటి నోరూ తనదే కదా అని మునీశ్వరికి తలకొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో సీటు దొరకగానే మొగుడి భుజం మీది తువ్వాలు లాగి, "నాకు నేర్పు" అంది.

"నీకెందుకు మే?"

"సెప్తాను, ముందు నేర్పు."

గంగులప్ప నేర్పాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. వద్దనుకుంటే వేలు విదిలించాలి, ఒప్పుకుంటే అరచేతిలో అరచెయ్యి వేసి నొక్కాలి. నోటితో చెప్తే పక్కనున్నవాడు వింటాడు కాబట్టి ధర తువ్వాలు కిందే నడవాలి. సరుకు మాత్రం కళ్ళెదుట నిలబడి ఉండాలి. వయసొచ్చిన మొగుడూ పెళ్ళాం తువ్వాలు కింద చేతులు పట్టుకుని కూర్చుంటే బస్సులో వాళ్ళు చూసి నవ్వుకున్నారు. గంగులప్పకు సిగ్గేసింది. మునీశ్వరికి అవేం పట్టలేదు.

"బేరం మధ్యలో సెయ్యి గుంజుకుంటే ఏమంటారయ్యా?" అని అడిగింది.

"ఇంకేమనేది? మొగాన ఉమ్మినట్ల. నువ్వు మనిసివే కాదన్నట్ల."

మునీశ్వరి కిటికీ వైపు తిరిగింది. ఇంటికి చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు. గంగులప్పకు భయం వేసి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు.

మర్నాడు పొద్దున ఆమె బకెట్టు నిండా వేడినీళ్ళు తెచ్చి రెడ్డెప్ప మంచం ఎదురుగా పెట్టింది. నీళ్ళ మీద చెంబు తేలుతోంది. అతను ఇటు తిరగలేదు. ఆమె తిట్టినప్పటి నుంచీ ఎవరికీ చెయ్యి చాపడం లేదు, ముద్ద కూడా సరిగా తినడం లేదు. మునీశ్వరి మంచం పట్టె మీద కూర్చుంది. అతని తువ్వాలు కొస తీసుకుని తన కుడిచెయ్యి మీద కప్పుకుంది. కప్పుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ చెయ్యి అతని ముందుకు చాపింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత తువ్వాలు కిందికి మెల్లిగా ఒక చెయ్యి వచ్చింది. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది. ఆగి, రెండు పట్టుకుంది.

రెండు చెంబులట. మునీశ్వరికి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకుంది. బేరంలో నవ్వితే అలుసైపోమూ? రెండు విదిలించి, అతని చెయ్యంతా పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది. పది. రెడ్డెప్ప ఛీ అన్నట్టు విదిలించాడు. మూడు. ఆమె ఎనిమిది. అతను మూడు మీదే కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ నీళ్ళు చల్లారిపోతున్నాయి. కడకు ఆరు దగ్గర అతని అరచెయ్యి ఆమె అరచేతిని గట్టిగా నొక్కింది. అప్పుడు చూసింది మునీశ్వరి అతని ముఖం. కంటి నీళ్ళు చెంపల మీదుగా కారి గడ్డంలోకి దిగుతున్నాయి. ఇన్నాళ్ళకు ఒకరు అతనితో మాట్లాడారు.

"తప్పయిపోయిందప్పా" అంది మునీశ్వరి. ఆ తర్వాత ఆరంటే ఆరు చెంబులే పోసింది. ఏడోది పోయబోతే ఊరుకుంటాడా ఆయన!

అక్కడి నుంచి నేరుగా మాధవీలత గదికి వెళ్ళింది. తన నోటితో అన్న మాట తన నోటితోనే మింగడం మునీశ్వరి లాంటిదానికి ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా నీళ్ళు నమలలేదు. "నేను సెప్పింది తప్పు మేడమ్. ఆయప్ప ఇంతకాలమూ మనతో మాట్లాడతాండాడు. మనమే సెయ్యి గుంజుకుంటాండాము" అని సంత సంగతంతా చెప్పింది.

మాధవీలత విని, వెంటనే సరేననలేదు. "నువ్వన్నావని పంపించేయాలి, నువ్వన్నావని ఉంచేయాలి అంటే కుదరదు మునీశ్వరీ. నేను చూడాలి" అని లేచింది. బీపీ మాత్రలు తీసుకుని వెళ్ళి రెడ్డెప్ప ఎదురుగా పెట్టి, మునీశ్వరి చూపించినట్టే తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. రెండు మాత్రలు వేసుకోవాలి కాబట్టి రెండు వేళ్ళు పట్టుకుంది. అతను ఒకటన్నాడు. ఆమె రెండు. అతను విసురుగా ఒకటి. ఆమె కదలలేదు, మెదలలేదు, రెండే. ఈయమ్మ దగ్గర తన పప్పులు ఉడకవని రెడ్డెప్పకు అర్థమైనట్టుంది. ఓరకంట ఆమెను ఒకసారి గౌరవంగా చూసి, బేరం కుదుర్చుకుని, మాత్రలు రెండూ మింగాడు.

"నవనీత ఒప్పుకుంటేనే ఉంటాడు" అంది మాధవీలత బయటికొచ్చాక. "భయపడింది ఆ పిల్ల. నువ్వూ నేనూ కాదు."

నవనీత అంతా విన్నది. "తాతను పంపొద్దు మేడమ్. కానీ నేను ఊరికే సెయ్యియ్యను" అని చెప్పి, గ్లౌజులు తొడుక్కుని వెళ్ళింది. రెడ్డెప్ప ఆ రబ్బరు వేళ్ళను తడిమి ఇదేం జాతి పశువన్నట్టు ముఖం పెట్టాడు. అయినా బేరం బేరమే. ఇడ్లీల దగ్గర ఆ పిల్లే గెలిచింది.

ఇది ఫోనులో చెప్పే మాట కాదని హేమావతికి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆదివారం ఆమె వచ్చింది. తల వంచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా తండ్రి మంచం దగ్గరికి వెళ్ళి, అతని పంచెలు, చొక్కాలు మడిచి సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. మునీశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కూర్చోబెట్టి, తన తప్పుతో మొదలుపెట్టి జరిగిందంతా చెప్పింది.

హేమావతి వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనూ నమ్మినానక్కా" అంది. "మా నాయన ఎట్లాంటోడో నాకు తెలీదా? అయినా మేడమ్ ఫోన్ సేస్తే నమ్మేసినాను. సంత నుంచి వచ్చినాక బేరాల గురించి ఇంట్లో నోరెత్తేవాడు కాదు. నాకు ఆ లెక్కలు ఎప్పుడూ నేర్పీలేదు."

"ఇప్పుడు నేర్చుకో" అని మునీశ్వరి రెడ్డెప్ప తువ్వాలు తీసి కూతురి చేతిమీద కప్పింది. ఒకటెట్లా రెండెట్లా చూపించింది. మాధవీలత అతను ఇక్కడే ఉండవచ్చని చెప్పింది. ఇక మిగిలింది ఒక్కటే. ఉంటే, కూతురు ఎప్పుడెప్పుడు వస్తుందన్నది.

"నాయనా" అంది హేమావతి. "నెలకు ఒక ఆదివారం వస్తాను. మిగిలిన ఆదివారాలు కంపెనీలో ఓటీ ఉంటాది. పోకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటారు." తువ్వాలు కింద తండ్రి వేలు ఒకటి పట్టుకుంది.

మునీశ్వరి సర్దుకుని కూర్చుంది. నీళ్ళ చెంబు కోసం అంతసేపు సాధించిన మనిషి. ఇప్పుడు చెయ్యంతా పట్టుకుంటాడు, నాలుగనో అయిదనో అంటాడు, ఈ పిల్ల తట్టుకోలేదు, తానే నడుమ దూరి ఎక్కడో ఒకచోట కుదర్చాలి అనుకుంది.

హేమావతి తలెత్తి ఆమె వైపు చూసింది. "అక్కా, అరసెయ్యి నొక్కుతాండాడు. అంటే?"

"ఒప్పుకున్నట్లు" అంది మునీశ్వరి.

మొదటి మాటకే ఒప్పుకున్నాడు. హేమావతి ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఈసారి రెండు వేళ్ళు పట్టుకుంది. "రెండు ఆదివారాలు నాయనా. సూపర్‌వైజర్‌ను అడుగుతాను."

తువ్వాలు కదిలింది.

"ఒకటి ఇదిలించేస్తాండాడక్కా. ఒకటి సాలంటాండాడు."

"రెండు" అంది హేమావతి. అతను మళ్ళీ విదిలించాడు. "రెండు నాయనా" అంది. తండ్రి తల అడ్డంగా ఆడించాడు, 'బా బా' అన్నాడు, కంపెనీ కంపెనీ అన్నట్టు కుప్పం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. ఆమె ఆ రెండు వేళ్ళనూ గుప్పిట్లో బిగించి పట్టుకుని, ఇక విదిలించనివ్వలేదు. అట్లా ఇద్దరూ మొండికేసి కూర్చున్నారు. చాలాసేపటికి ఆమె అరచేతిలోకి అతని అరచెయ్యి వచ్చి నొక్కింది.

సంతలో అయితే బేరం కుదరగానే చేతులు వదిలేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటారు. రెడ్డెప్ప వదల్లేదు. కుప్పం బస్సుకు టైమవుతోందని నవనీత వచ్చి చెప్పేదాకా వాళ్ళిద్దరి చేతులూ ఆ తువ్వాలు కిందనే ఉన్నాయి.